కొల్లేరు పునరుద్ధరణ: గట్లు తొలగించిన తరువాత మిగిలే పని

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన సహజమైన పల్లపు ప్రాంతం కొల్లేరు. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఇది ఒకటి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి వాగులతో పాటు అనేక కాలువలు, మురుగు కాలువల నీరు ఇందులో చేరుతుంది. ఇంత నీరు సముద్రానికి చేరడానికి ఉన్న ప్రధాన మార్గం ఉప్పుటేరు ఒక్కటే. నీరు వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒకటి కావడం వల్ల వర్షాకాలంలో సరస్సు విస్తరించి, వేసవిలో కుంచించుకుపోతుంది. ఈ హెచ్చుతగ్గులే కొల్లేరు జీవావరణానికి ఆధారం.

1999లో +5 అడుగుల కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో +10 అడుగుల కాంటూరు వరకు గల 901 చదరపు కిలోమీటర్ల ప్రాంతం రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున ధ్వంసం చేశారు. అయినప్పటికీ సరస్సు పూర్వస్థితికి చేరలేదు. అనేకచోట్ల చెరువులు మళ్లీ వెలిశాయి. గట్టు తెగినంత మాత్రాన చిత్తడి నేల ఎందుకు కోలుకోదన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఎంతో ముఖ్యమైనది.

వరద నిల్వ: ఒక చిన్న లెక్క

308 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఒక అడుగు లోతు నీరు నిలిస్తే ఆ పరిమాణం సుమారు 9.4 కోట్ల ఘనపు మీటర్లు, అనగా దాదాపు 3.3 టి.ఎం.సి.లు. అదే ప్రాంతంలో 100 చదరపు కిలోమీటర్లు గట్లతో మూసివేయబడితే, ప్రతి అడుగు లోతుకు ఒక టి.ఎం.సి.కి పైగా వరద నీరు తన చోటును కోల్పోతుంది. చెరువులు వర్షాకాలంలో అప్పటికే నిండి ఉంటాయి కనుక వాటిలో వరదకు చోటు ఉండదు. ఆ నీరు గట్ల మధ్య మిగిలిన ఇరుకు దారులలో మట్టం పెంచుకుని, మురుగు కాలువల గుండా వెనక్కు ఎగదన్నుతుంది. ఫలితంగా ఎగువ ఆయకట్టులోని సార్వా వరి ముంపునకు గురవుతుంది. పిలక దశలో వారం రోజులు మునిగిన వరి తిరిగి కోలుకోవడం కష్టం. కావున కొల్లేరు పరిరక్షణ పక్షులకే పరిమితమైన అంశం కాదు. అది డెల్టా వరి రైతు పంట భద్రతకు సంబంధించిన అంశం కూడా.

అలాగని చేపల పెంపకాన్ని కేవలం ఆక్రమణగా చూడటం కూడా సరికాదు. 1970వ దశకంలో స్థానిక పేదలకు, మత్స్యకార సహకార సంఘాలకు జీవనోపాధిగా ప్రభుత్వమే చేపల చెరువులను ప్రోత్సహించింది. కాలక్రమంలో వాటిలో అనేకం లీజుల రూపంలో పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. గట్లు తెగినప్పుడు లీజుదారు మరొకచోటికి తరలిపోగలిగాడు. చెరువుపై కూలికి వెళ్లే కుటుంబం తరలిపోలేకపోయింది. ఈ వ్యత్యాసాన్ని విస్మరించిన పునరుద్ధరణ ప్రణాళిక ఏదైనా గ్రామస్థుల సహకారాన్ని పొందలేదు.

నేల అడుగున మిగిలిన భాస్వరం

చేపల చెరువులలో తవుడు, నూనెచెక్కలు, కోళ్ల ఎరువు, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వంటివి వాడతారు. ఎగువ పొలాల నుండి ఎరువుల అవశేషాలు, పట్టణాల నుండి మురుగునీరు వీటికి తోడవుతాయి. ఈ పోషకాలలో నత్రజని, భాస్వరం నడక ఒకే విధంగా ఉండదు.

నీట మునిగిన నేలలో పైపొర కొన్ని మిల్లీమీటర్ల మేర మాత్రమే ప్రాణవాయువు ఉంటుంది. ఆ పొరలో అమ్మోనియా నైట్రేట్‌గా మారి, కింది ప్రాణవాయు రహిత పొరలోకి దిగినప్పుడు సూక్ష్మజీవుల చర్య వల్ల నత్రజని వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. అనగా చిత్తడి నేల నత్రజనిని చాలావరకు తనంతట తానే వదిలించుకోగలదు. భాస్వరానికి ఇటువంటి వాయు మార్గం లేదు. అది ఇనుము, అల్యూమినియం, సున్నం సమ్మేళనాలతో బంధింపబడి అడుగు బురదలో చేరుతుంది. బురదలో ప్రాణవాయువు పూర్తిగా అడుగంటినప్పుడు ఇనుము క్షయకరణం చెంది, దానితో బంధింపబడిన భాస్వరం తిరిగి నీటిలోకి విడుదలవుతుంది.

దీని భావం స్పష్టం. గట్టు తెంచినా, ఎరువు వేయడం మానినా, పాత చెరువు బురద ఎన్నో సంవత్సరాలపాటు నీటికి భాస్వరాన్ని అందిస్తూనే ఉంటుంది. గుర్రపుడెక్క విజృంభణకు ఇదొక ముఖ్య కారణం. అనుకూల పరిస్థితులలో ఈ కలుపు సుమారు రెండు వారాలలోనే రెట్టింపు కాగలదు. దట్టమైన గుర్రపుడెక్క కింద వెలుతురు, ప్రాణవాయువు తగ్గి, మరింత భాస్వరం విడుదలకు దారితీస్తుంది. కలుపును తీసి గట్టున కుప్పవేస్తే కుళ్లిన పోషకాలు తొలి వానకే తిరిగి సరస్సులో చేరతాయి. దానిని సరస్సు పరీవాహకం వెలుపలికి తరలించి కంపోస్టుగా మార్చినప్పుడే భాస్వరం నిజంగా బయటకు పోయినట్లు లెక్క.

నేల వాలు, నీటి దారి

గట్లను అక్కడక్కడ గండ్లు కొట్టి వదిలివేయడం వల్ల నీరు లోపలికి వస్తుంది గాని, సరస్సు అడుగు సహజమైన వాలును తిరిగి పొందదు. గట్టు కోసం మట్టి తీసిన గుంతలు లోతుగా, మిగిలిన గట్లు ఎత్తుగా నిలిచి ఉంటాయి. కొంగలు మేతకు ఎంచుకునేది అడుగు లోపు లోతు గల ఏటవాలు అంచులను. జమ్ము, కిక్కిస వంటి గట్టు మొక్కలకు, చేపపిల్లల ఆశ్రయానికి కూడా ఆ అంచులే ఆధారం. కావున గట్టు మట్టిని అదే గుంతలలో నింపి నేలను చదును చేయడం పునరుద్ధరణలో తప్పనిసరి దశ.

గూడబాతుల విషయం దీనికి మరొక ఉదాహరణ. ఆటపాకలో చెట్లు ఎండిపోవడంతో గూళ్లకు ఆధారంగా ఇనుప స్టాండ్లను ఏర్పాటు చేశారు. పక్షులు వాటిని స్వీకరించాయి. ఇది ప్రశంసనీయమే. అయితే గూళ్ల సంఖ్య పెరిగినంత మాత్రాన సరస్సు ఆరోగ్యం మెరుగుపడినట్లు భావించరాదు. గూడబాతు గూడు ఒకచోట కట్టుకుని దూర ప్రాంతాలకు ఎగిరి వెళ్లి మేత తెచ్చుకోగలదు.

ఉప్పుటేరు విషయంలో ఒక సందిగ్ధత ఉంది. పూడిక తీసి వెడల్పు చేస్తే వరద త్వరగా సముద్రానికి పోతుంది. కానీ వేసవిలో ఆటుపోట్లతో ఉప్పునీరు లోపలికి చొచ్చుకురావడం సులభమవుతుంది. రెగ్యులేటర్ నిర్మిస్తే ఉప్పునీరు ఆగుతుంది. కానీ సముద్రానికి, సరస్సుకు మధ్య వలస వెళ్లే చేపలకు, రొయ్యలకు దారి మూసుకుపోతుంది. అందువల్ల ఏ నిర్మాణమైనా ఋతువును, వలస కాలాన్ని బట్టి తలుపులు తెరిచే పద్ధతితో కూడినదై ఉండాలి.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

కొల్లేరు సమస్యకు పరిష్కారం అభయారణ్యం సరిహద్దు లోపల మాత్రమే లభించదు. ఎగువ ఆయకట్టులో చేయదగినవి ఇవి:

1. భూసార పరీక్షలో భాస్వరం అధికంగా ఉన్న పొలాలలో డి.ఎ.పి., కాంప్లెక్స్ ఎరువుల మోతాదును సిఫార్సు మేరకు తగ్గించడం.

2. నత్రజనిని దఫాలుగా వేయించి, ఎరువు వేసిన వెంటనే పొలం నీటిని మురుగు కాలువలోకి వదలకుండా చూడటం.

3. దాళ్వా వరిలో తడి-పొడి పద్ధతిని ప్రోత్సహించి, మురుగు కాలువలకు చేరే నీటిని తగ్గించడం.

4. అభయారణ్యం వెలుపలి చేపల చెరువుల నీటిని నేరుగా వదలక, జమ్ము వంటి మొక్కలు పెంచిన నిల్వ గుంటల గుండా పంపించడం.

5. కొరమీను, మార్పు వంటి స్థానిక చేపల వేటపై ఆధారపడిన కుటుంబాలను నీటిమట్టం నిర్ణయాలలో భాగస్వాములను చేయడం.

విద్యార్థులు ఒక మురుగు కాలువను ఎంచుకుని, అది సరస్సులో కలిసే చోట నీటిమట్టం, విద్యుత్ వాహకత, కరిగిన ప్రాణవాయువు, భాస్వరం పరిమాణాలను సార్వా నాట్ల నుండి దాళ్వా కోతల వరకు ప్రతి పక్షం నమోదు చేస్తే విలువైన సమాచారం లభిస్తుంది. ఎరువులు వేసే సమయాన్ని, చెరువులు ఖాళీ చేసే సమయాన్ని ఆ నమోదులతో పోల్చినప్పుడు ఏ కాలుష్యం ఎక్కడి నుండి, ఎప్పుడు వస్తున్నదో తేలుతుంది. అటువంటి ఆధారం చేతిలో ఉన్నప్పుడే రైతుతో, చెరువు యజమానితో, అధికారితో జరిపే చర్చ నిందారోపణగా కాక, సవరణకు దారితీసే సంభాషణగా సాగుతుంది.