తిన్న అన్నము ఎటు పోవుచున్నది?

పాల్వంచ దాటి భద్రాచలము పోవు దారిలో అడవి అంచున పల్లెలు అనేకములు గలవు. జొన్న అంబలి త్రాగి పనికి పోవువారు, ఎండకాలమున ఇప్పపూవు ఏరి ఎండబెట్టుకొనువారు, రెండు పూటల వరియన్నము తినువారు అందరును అక్కడ ఉన్నారు. ఎవరేమి తిన్నను కడుపులో జరుగు పని ఒక్కటే. ఆ పనిని గురించి ఇచ్చట కొంత వివరింతుము. ఇది బడిపిల్లల పాఠమే కదా యని పెద్దలు పుట త్రిప్పివేయరాదు. వానకాలమున పసిబిడ్డకు విరేచనములు పట్టుకొన్ననాడు ఏమి చేయవలెనో, ఎందుకు చేయవలెనో దీనివలననే తెలియును.

పని నోటితోనే మొదలగును. దంతములు నమలగా లాలాజలము ముద్దను తడుపును. ఇది దినమునకు సుమారు ఒక లీటరు, కొందరిలో అంతకు మించియు ఊరును. ఇందలి టయలిన్ అను పదార్థము పిండిని చక్కెరగా మార్చ నారంభించును. జొన్నరొట్టె ముక్కను చాలసేపు నమలి చూడుడు. కొంచెము తీపి తగులును. తరువాత ముద్ద పది అంగుళముల అన్నవాహిక గుండా దిగును. అది తనంత తాను జారిపోదు. గొట్టపు గోడలే అలవలె ముడుచుకొని దానిని నెట్టును. పడుకొని మ్రింగినను నీరు కడుపునకే చేరుట ఇందుచేతనే.

జీర్ణాశయము ఒక కండరపు సంచి. దాని గోడలనుండి హైడ్రోక్లోరిక్ ఆమ్లము, పెప్సిన్ ఊరును. పెప్సిన్ పప్పు, మాంసము, గ్రుడ్డు మొదలగువానిలోని మాంసకృత్తులను విడగొట్టును. ఆమ్లము లోనికి వచ్చిన క్రిములలో పెక్కింటిని చంపును. అయినను దానిని నమ్ముకొని మురికినీరు త్రాగరాదు. దానిని దాటిపోవు క్రిములును గలవు.

అసలైన జీర్ణక్రియ చిన్నప్రేగులో జరుగును. పేరుకు చిన్నదైనను పొడవు సుమారు 20 అడుగులు. ఇచ్చట కాలేయమునుండి వచ్చు పైత్యరసము నూనెను, నెయ్యిని సన్నని తుంపరలుగా విడదీయును. క్లోమరసము పిండిని, మాంసకృత్తులను, క్రొవ్వును మూడింటిని జీర్ణింపజేయును. ప్రేగు లోపలి గోడ నునుపైనది కాదు. మఖమలు గుడ్డవలె సన్నని నూగు గలది. ఆ నూగునే చూషకములందురు. ఆహారసారము వీనిగుండానే రక్తములో చేరును.

చూషకములు చెడినచో ఎంత తిన్నను ఒంటబట్టదు. స్ప్రూ యను సంగ్రహణి వ్యాధి అట్టిదే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిరువురు దానికే బలియైరి; ఆయనయు ఆ వ్యాధితో బాధపడెను. తరువాత ఆయన అమెరికాలో నడిపిన పరిశోధనలో, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయగలిగిరి. ఆ ఔషధము సంగ్రహణి చికిత్సకు ఉపకరించినది. తెలుగువారు తరచుగా తలచుకొనవలసిన పేరు ఇది.

ఇక నీటి లెక్క చూడుడు. మనము దినమునకు త్రాగునది సుమారు రెండు లీటర్లు. శరీరమే ప్రేగులోనికి వదలు రసములు ఇంచుమించు ఏడు లీటర్లు. ఈ తొమ్మిదింటిలో అధికభాగమును చిన్నప్రేగు, మిగిలినదానిని అయిదడుగుల పెద్దప్రేగు తిరిగి పీల్చుకొనును. మలముతో పోవునది ఒక గ్లాసైనను ఉండదు. కలరా వంటి వ్యాధిలో ఈ లెక్క తలక్రిందులగును. పీల్చుకొనవలసిన ప్రేగే నీరు వదలును. బిడ్డను చంపునది ముఖ్యముగా ఈ నీరు, ఉప్పు పోవుటయే.

1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగినది. అట్టి వరదలలో బావులు, బోర్లు మునిగి మురికి కలియును. వాగు ఇసుకలో తీసిన చెలమ నీరు తేటగా కనబడినను కాచి త్రాగుటయే క్షేమము.

విరేచనములు పట్టినప్పుడు నీరు మాన్పించు అలవాటు కొన్ని ఇండ్లలో నేటికిని గలదు. లంకణము పరమౌషధమను సామెత ఇచ్చట పనికిరాదు. నీరు వదలుచున్న ప్రేగులోకూడ ఒక ద్వారము తెరచియే యుండును: చక్కెర, ఉప్పు జతగా లోనికి పోవును, వాని వెంట నీరు పోవును. 1971లో బంగాళాదేశ శరణార్థుల కలరా శిబిరమున, బన్‌గావ్‌లో, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణమును త్రాగించి వేలమందిని కాపాడెను. గంజిలో చిటికెడు ఉప్పు వేసి పట్టిన మన అవ్వలు కారణము తెలియకయే సరియైన పని చేసిరి; గంజిలోని పిండియు తుదకు చక్కెరయే కదా.

ఆశా కార్యకర్త వద్ద ఓఆర్‌ఎస్ పొట్లము దొరకును. దానిపై వ్రాసిన కొలత నీటిలోనే కలుపవలెను. అది లేనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో, తలగొట్టి కొలిచిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలుపుడు. ఉప్పు ఎక్కువైన హాని. ఒక దినము దాటినది పారబోయవలెను. బిడ్డ కక్కినచో పది నిమిషములాగి, చెంచాతో మెల్లగా మరల పట్టుడు. తల్లిపాలు మాన్పరాదు. జింకు మాత్రలు వైద్యుడు చెప్పినన్ని దినములు వేయవలెను. కన్నులు గుంటలుపడినను, పొట్టమీద చర్మమును పట్టి విడిచినపుడు మడత వెంటనే పోకున్నను, బిడ్డ మగతగా నున్నను, మలములో రక్తము కనబడినను, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి కొనిపోవుడు. దారి పొడవునను ద్రావణము పట్టుచునే యుండవలెను.