ఊటగా వెలసిన కరుణ – బీదరు నానక్ ఝీరా క్షేత్ర చరిత్ర



భద్రాద్రి రాముని సన్నిధిలో గోదావరీ స్నానం ఆచరించే వారికి, ఆ జలం ఏయే క్షేత్రాలను సేవించి తమ దాకా వచ్చిందో తెలుసుకోవడం కూడా తీర్థసేవలో భాగమేనని నా నమ్మకం. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి నాందేడ్ పట్టణాన్ని ఒరుసుకొని ప్రవహించి, కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని, బాసర, ధర్మపురి, కాళేశ్వరాల మీదుగా మన అడవుల్లోకి ప్రవేశిస్తున్నది. నాందేడ్ సిక్కులకు పరమ పవిత్రం. మంజీర ప్రవహించే బీదరు సీమలో వారికి మరొక పుణ్యస్థలం ఉన్నది. అదే నానక్ ఝీరా. ఈ నెల పాఠంలో ఆ క్షేత్ర చరిత్రను, అక్కడి అమృతకుండం మహిమను పరిశీలిద్దాం.

రామక్షేత్రపు భక్తులమైన మనకు సిక్కు క్షేత్రంతో పని ఏమిటని ఒక సోదరుడు నన్ను అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం ఈ చరిత్రలోనే దొరుకుతుంది.

గురునానక్ దక్షిణ యాత్ర

సిక్కు మత సంస్థాపకులైన గురునానక్ దేవ్ 1469లో పంజాబులోని తల్వండిలో జన్మించారు. నేడు ఆ గ్రామాన్ని నన్‌కానా సాహెబ్ అంటున్నారు. ఆయన దేశం నలుమూలలా దీర్ఘయాత్రలు చేశారు. ఆ యాత్రలకు 'ఉదాసీ'లని పేరు. రబాబు వాద్యం వాయించే మర్దానా అనే ముస్లిం సహచరుడు ఆయన వెంట ఉండేవాడు. పదహారవ శతాబ్ది తొలి దశాబ్దాల్లో జరిగిన దక్షిణ యాత్రలో ఆయన బీదరుకు వేంచేశారని సంప్రదాయం చెబుతున్నది. అప్పటికి బహమనీ సుల్తానుల రాజధానిగా బీదరు వైభవం తగ్గుముఖం పట్టింది. అధికారం బరీదు వంశీయుల చేతుల్లోకి జారుతున్న కాలమది.

స్థలపురాణం

ఊరి వెలుపల కొందరు ముస్లిం ఫకీరుల కుటీరాలు ఉండేవి. గురునానక్ వాటి సమీపంలో విడిది చేశారు. ఆయన కీర్తన విని ఫకీరులూ ఊరి జనమూ దర్శనానికి వచ్చారు. ఆ ప్రాంతంలో మంచినీటికి కటకటగా ఉండేది. ఎన్ని బావులు తవ్వినా నీరు పడేది కాదు, పడినా తాగడానికి పనికివచ్చేది కాదు. ప్రజలు తమ కష్టాన్ని విన్నవించుకోగా, గురువు దైవనామాన్ని ఉచ్చరించి కొండవాలున ఉన్న ఒక రాతిని పాదంతో తొలగించారట. అక్కడ చల్లని తియ్యని నీరు ఉబికి వచ్చింది. 'ఝీరా' అంటే ఊట. మన ఏజెన్సీ గ్రామాల వారు వేసవిలో వాగు ఇసుకను తవ్వి చెలమ తీసుకొని, అందులో ఊరే నీటికోసం కనిపెట్టుకొని కూర్చోవడం నేను ఎరుగుదును. అలాంటివారికి ఈ కథలోని ఆర్తి వివరించి చెప్పనక్కరలేదు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. నీరు కోరినవారు గురువుగారి మతస్థులు కారు. ఆయన వారి విశ్వాసమేమిటని విచారించలేదు. దాహం ఒక్కటే చూశారు.

బీదరు పట్టణం ఎర్రని జాజురాతి పీఠభూమి మీద వెలసింది. ఆ రాయి రంధ్రమయం. వాననీటిని తనలోకి ఇంకించుకొని, అడుగున ఉన్న గట్టి నల్లరాతిని తాకిన చోట ఊటగా బయటికి వదులుతుంది. బహమనీల కాలంలోనే అక్కడ భూగర్భ జలమార్గాలు నిర్మించారు. వాటిని కరేజులంటారు. ఈ భూశాస్త్ర వివరణ వల్ల భక్తుని విశ్వాసానికి లోపమేమీ రాదని నా అభిప్రాయం. ఊట ఎలా పుట్టిందో శాస్త్రం చెబుతుంది. దాన్ని ఎవరికోసం వినియోగించాలో పురాణం చెబుతుంది.

గురుద్వారం, అమృతకుండం

ఊట పుట్టినచోట నేడు గురుద్వారం ఉన్నది. ఇప్పుడు మనం దర్శించే భవనం ఇరవయ్యవ శతాబ్దిలో నిర్మితమైనది. బీదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, పిమ్మట కన్నడ రాష్ట్రంలో చేరింది. దర్బారు ఎదుట ఊటనీటితో నిండే చిన్న కోనేరే అమృతకుండం. యాత్రికులు తల కప్పుకొని, కాళ్లు కడుగుకొని లోనికి వెళతారు. కుండంలో స్నానం చేస్తారు, ఊటనీటిని తీర్థంగా స్వీకరిస్తారు. పక్కనే లంగరులో కులమత భేదం లేకుండా అందరూ ఒకే బంతిన కూర్చొని భుజిస్తారు.

బీదరుకు మరొక ఘనత ఉన్నది. 1699 వైశాఖీ నాడు ఆనందపురంలో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను స్థాపించి, ప్రాణార్పణకు సిద్ధపడి ముందుకు వచ్చిన ఐదుగురిని 'పంచ ప్యారే'లుగా స్వీకరించారు. వారిలో ఒకరైన భాయి సాహెబ్ సింగ్ బీదరు వాసి. ఆయన మంగలి కుటుంబంలో జన్మించారని సంప్రదాయం. గురువు ముందుగా ఆ ఐదుగురికి దీక్షాజలం ఇచ్చి, తరువాత వారి చేతుల మీదుగా తాను అదే జలాన్ని స్వీకరించారు. మన క్షేత్రంలోనూ రాముని విగ్రహాలను తొలిగా గుర్తించి తాటిపండ్లు నివేదించిన భక్తురాలు పోకల దమ్మక్క గిరిజన స్త్రీ కదా!

కోనేరు ఎందుకు?

తీర్థస్నానం మాత్రాన మనసులోని మాలిన్యం పోదని గురునానక్ స్పష్టంగా బోధించారు. మరి ఆయన అనుయాయులు సరోవరాలు ఎందుకు నిర్మించారు? నాల్గవ గురువు రామదాసు 1577లో అమృతసర సరోవరాన్ని తవ్వించారు. ఆయన కుమారుడైన అర్జున్ దేవ్ దాని నడుమ హరిమందిరం నిర్మించి, 1604లో ఆదిగ్రంథాన్ని అందులో ప్రతిష్ఠించారు. ఆ మందిరానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయి. నీటిని ముట్టుకుంటే మైలపడుతుందని కొందరిని దూరంగా నిలిపిన కాలంలో, అందరూ ఒకే మెట్ల మీదుగా దిగి ఒకే నీటిలో మునిగే కోనేరు ఒక గొప్ప పాఠశాల. పాపం కడగడం కన్న ముందు అది భేదబుద్ధిని కడుగుతుంది.

సరోవరంలో పేరుకున్న పూడికను భక్తులే స్వయంగా తీయడాన్ని 'కార్ సేవ' అంటారు. 1923లో అమృతసరంలో జరిగిన కార్ సేవలో అసంఖ్యాక జనం బురద తట్టలు నెత్తిన మోశారు. వారికి పూడిక తీయడమూ పూజయే.

మనకూ ఈ ఉపదేశం కొత్తది కాదు. సత్యం, క్షమ, ఇంద్రియనిగ్రహం, భూతదయ మొదలైన మానస తీర్థాలను కాశీఖండం వివరించింది. మనశ్శుద్ధి లేని స్నానం నిష్ఫలమని హెచ్చరించింది.

గోదావరి కలిపిన బంధం

1708లో గురు గోవింద్ సింగ్ మొగలు చక్రవర్తి బహదూర్ షాతో పాటు దక్కనుకు వచ్చి నాందేడ్‌లో విడిది చేశారు. అక్కడ గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకొని ఉన్న మాధవదాసు అనే వైష్ణవ బైరాగి ఆయనకు శిష్యుడయ్యాడు. అతడే చరిత్రలో బందా సింగ్ బహదూర్‌గా ప్రసిద్ధుడు. ఆ ఏడే అక్టోబరు 7న గురువు నిర్యాణం చెందారు. తమ తరువాత గ్రంథమే గురువని ఆజ్ఞాపించారు. ఆ స్థలంలో మహారాజా రంజిత్ సింగ్ 1832–1837 మధ్య హుజూర్ సాహెబ్ మందిరాన్ని కట్టించారు. నేటికీ ప్రతిదినం గోదావరి నుండి బిందెతో నీరు తెచ్చి ఆ మందిరాన్ని శుభ్రం చేయడం ఆచారం.

మరొక బంధం కబీరుది. భక్త రామదాసుకు కబీరు రామమంత్రం ఉపదేశించాడని మన ప్రాంతంలో కథ ప్రచారంలో ఉన్నది. కబీరు పదిహేనవ శతాబ్ది వాడు, గోపన్న పదిహేడవ శతాబ్ది వాడు. కనుక దీనిని భావ పరంపరగా గ్రహించాలి. ఆ కబీరు వాణి, మరాఠీ భక్తుడు నామదేవుని వాణి, సూఫీ ఫరీదు వాణి గురుగ్రంథంలో చోటు చేసుకున్నాయి. అందులో రామ నామం పదే పదే వినిపిస్తుంది. అయితే అక్కడి రాముడు నిరాకార పరబ్రహ్మ. మన రాముడు సీతాలక్ష్మణ సమేతుడైన సాకారమూర్తి. ఈ భేదాన్ని మరుగుపరచనక్కరలేదు. భేదం తెలిసి చేసే గౌరవమే నిజమైన గౌరవం.

మనం గ్రహించవలసినది

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. లక్షలాది జనం మన స్నానఘట్టాలకు వస్తారు. పూలదండలు, ప్లాస్టిక్ సంచులు, విడిచిన వస్త్రాలు నదిలో వదిలి, పుణ్యం మూటగట్టుకున్నామని వెళ్లిపోవడం తగునా? ఎగువన నాందేడ్‌లో మందిరం కడగడానికి యోగ్యమైన నీరే దిగువన మన స్వామి అభిషేకానికీ యోగ్యం కావాలి. మన దిగువన మరెందరో ఆ నీటినే తాగుతున్నారు. కనుక ప్రతి భక్తుడూ స్నానానికి ముందు ఒక గడియ ఘట్టాన్ని శుభ్రపరచాలని, తన ఊరి కోనేటి పూడికతీతలో ఏటా ఒక దినమైనా పాల్గొనాలని మనవి చేస్తున్నాను.

నీరు కోరినవాడు ఎవరని అడగక ఊటను చూపిన గురువు కథ వినడం వలన మనకు ఆ మాత్రం ప్రేరణ కలిగితే, ఈ పాఠం సార్థకమే. శ్రీ సీతారామచంద్రస్వామి అనుగ్రహం అందరికీ కలుగుగాక!