పిల్లలు దేవుణ్ణి అడిగేటప్పుడు

భోజనాలయ్యాక చాప పరిచి కుటుంబ ప్రార్థనకు కూర్చుంటాం. నాన్న మొదలుపెడతారు: “తండ్రీ, మా అబ్బాయికి చదువు మీద శ్రద్ధ దయచేయండి. ఫోను మీద ధ్యాస తీసేయండి. అమ్మ మాట వినే మనసివ్వండి.” ఆ క్షణాన ఒక్కసారి కళ్లు తెరిచి పిల్లవాడి వైపు చూడండి. తల వంచుకునే ఉంటాడు. వేళ్లు మాత్రం చాప అంచు పీకుతుంటాయి. మనం దేవుడికి మొర పెట్టుకున్నామనుకుంటాం. వాడికేమో దేవుడి దగ్గర తన మీద చాడీలు చెప్పినట్టుంటుంది.

వాడి మీద మనకున్న బెంగే అలా బయటికొస్తుంది. ఏళ్ల తరబడి సండే స్కూలు పిల్లల మధ్య గడిపినదాన్ని, వాళ్ల అమ్మానాన్నల కళ్లలో ఆ బెంగ చూస్తూనే ఉన్నాను. దాన్ని దేవుడికి చెప్పుకోవాల్సిందే. వాడు నిద్రపోయాక చెప్పుకుందాం. వాడు పక్కనుండగా వాడి కోసం ప్రార్థించాలంటే, ముందు వాణ్ణే అడుగుదాం: “నీ కోసం ఏం అడగమంటావు నాన్నా?” మార్కు సువార్త పదో అధ్యాయంలో గుడ్డివాడైన బర్తిమయి దారి పక్కన కేకలు వేస్తాడు. అతనికేం కావాలో చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. అయినా యేసు, తానేం చేయాలో చెప్పమని అతణ్ణే అడిగాడు. చూపు రావడం కంటే ఆ అడగడమే నాకు ఎక్కువ ఇష్టం.

వాళ్లు చెప్పేవి మనకు చిన్నవిగా అనిపిస్తాయి. ఆటోలో పక్కన కూర్చునే పిల్ల మాట్లాడటం మానేసిందట. లెక్కల సారు బోర్డు దగ్గరికి పిలవకూడదట. ఒక్కోసారి చాలా మెల్లగా, “మీరిద్దరూ పోట్లాడుకోకూడదు” అంటారు. “ఇలాంటివా దేవుణ్ణి అడిగేది?” అని నవ్వామా, ఇక అంతే, రెండోసారి చెప్పరు. ఆపైన పెద్దల ప్రార్థనలు విని అప్పజెబుతారు, చక్కగానే ఉంటుంది. అసలు గుబులు మాత్రం లోపలే ఉండిపోతుంది.

టెన్త్ పరీక్షలొస్తే హాల్ టికెట్టు, పెన్నులు పట్టుకెళ్లి అయ్యగారి చేత ప్రార్థన చేయిస్తాం. అందులో తప్పేం లేదు, బిడ్డకు ధైర్యం వస్తుంది. మార్కులు వస్తాయని మాత్రం దేవుడి తరఫున మనం మాటివ్వొద్దు. చదివింది గుర్తుండాలని, చేతులు వణకకుండా ఉండాలని అడగమంటే చాలు.

అసలు కష్టం ఇంట్లో ఎవరైనా మంచం పట్టినప్పుడు. “నువ్వు విశ్వాసంతో అడుగు, నానమ్మ లేచి కూర్చుంటుంది” అంటాం. ప్రేమతోనే అంటాం. నానమ్మ లేవదు. ఇల్లంతా ఏడుస్తుంటే ఆ బిడ్డ ఓ మూల కూర్చుని లెక్కలు వేసుకుంటుంది: మంగళవారం ప్రార్థన చేయకుండా నిద్రపోయాను, టీచరుకు అబద్ధం చెప్పాను, అందుకే దేవుడు వినలేదు. పిల్లలు కారణాన్ని తమలోనే వెతుక్కుంటారు. ఆ లెక్క మనకు చెప్పరు కూడా. విశ్వాసం చాల్లేదని చుట్టాల్లో ఎవరైనా అంటే, మర్యాద పక్కనపెట్టి అక్కడే ఆపేయండి. గెత్సేమనేలో యేసు తన ముందున్న గిన్నె తొలగిపోవాలని వేడుకున్నాడు. అది తొలగలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగాడు. అదీ పోలేదు. వాళ్లకు విశ్వాసం తక్కువని మనలో ఎవరూ అనం కదా!

బిడ్డను దగ్గరికి తీసుకుని, “నానమ్మ ఎందుకు పోయిందో నాకూ తెలీదమ్మా. నీ వల్ల మాత్రం కాదు” అనండి. అవసరమైతే పదిసార్లు అనండి. కొన్నాళ్లు ఆ పిల్ల ప్రార్థనకు రానంటుంది, వచ్చినా కళ్లు మూసుకోదు. బలవంతం వద్దు. 150 కీర్తనల్లో దేవుడి మీద ఫిర్యాదులు ఎన్నో ఉన్నాయి. 88వ కీర్తనైతే చివరి దాకా చీకటిలోనే సాగి చీకటిలోనే ముగుస్తుంది. బైబిలే చోటిచ్చిన ఆ కోపానికి మన చాప మీద కూడా కాస్త చోటివ్వలేమా?

ఇంకొక్క మాట. వారాలు గడిచినా బిడ్డకు నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బడికి వెళ్లనని మొండికేసినా, “ఇంకా గట్టిగా ప్రార్థన చేసుకో” అని వదిలేయకండి. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉండి గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తే, దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. ఆ వెంటనే యెషయా ప్రవక్త చెప్పింది మాత్రం వైద్యమే: అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు. మన బిడ్డనూ ముందు క్లాసు టీచరుతో మాట్లాడనిద్దాం, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళదాం. దారిలో ఏం ప్రార్థించాలో బిడ్డనే అడగండి. ఏమీ వద్దంటే, చేయి పట్టుకుని కూర్చోండి.