తార్నాక పరిశోధనాలయం, రంధ్రాల పదార్థాలు

ఉస్మానియా క్యాంపస్ పక్కనే తార్నాకలో ఉన్న ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) గురించి పోటీ పరీక్షల అభ్యర్థులు ఒక్క ముక్క చదివి వదిలేస్తుంటారు. అది చాలదు. 1944లో హైదరాబాద్ సంస్థానంలో మొదలైన ఈ పరిశోధనాలయం 1956లో సీఎస్ఐఆర్ కిందికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది. ఇప్పటి పేరు 1989లో వచ్చింది. ఈ మూడు సంవత్సరాలనూ వరుసలో గుర్తుపెట్టుకోండి.

ఇక్కడి ఉత్ప్రేరక పరిశోధనల్లో జియోలైట్లది పెద్ద చోటు. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు జల్లెడలా అల్లుకున్న స్ఫటికాలివి. గ్రీకులో ఆ మాటకు మరిగే రాయి అని అర్థం. వేడిచేస్తే లోపలి నీరు ఆవిరై రాయి ఉడుకుతున్నట్టు కనిపించిందని 1756లో స్వీడన్ శాస్త్రవేత్త క్రాన్‌స్టెట్ పెట్టిన పేరది.

కోవిడ్ రోజుల్లో ఎన్నో ఇళ్లలో మంచం పక్కన ఆగకుండా మోగిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌ను తలచుకోండి. దాని లోపల ఉండేవి జియోలైట్ గుళికలే. ఒత్తిడితో గాలి పంపితే నైట్రోజన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌ను వదులుతాయి; ఒత్తిడి తగ్గగానే నైట్రోజన్‌నూ విడిచేసి మళ్లీ సిద్ధమవుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇది అణువుల సైజును బట్టి వడకట్టడం కాదు. గుళికల్లోని ధనావేశ అయాన్లు నైట్రోజన్‌ను ఎక్కువగా ఆకర్షిస్తాయి.

రంధ్రాల పదార్థాల్లో జియోలైట్ల తర్వాత చెప్పుకోవలసిన రకం మరొకటి ఉంది. లోహ అయాన్లను కర్బన అణువులతో కలిపి మనకు కావలసిన గదులు కట్టుకునే పదార్థాలు లోహ-కర్బన చట్రాలు (ఎంఓఎఫ్‌లు). వీటికే 2025 రసాయన నోబెల్: సుసుము కిటగావా (జపాన్), రిచర్డ్ రాబ్సన్ (ఆస్ట్రేలియా), ఒమర్ యాఘి (అమెరికా). యాఘి 1999లో రూపొందించిన ఎంఓఎఫ్-5కు కొద్ది గ్రాముల్లోనే ఫుట్‌బాల్ మైదానమంత ఉపరితలం ఉంటుంది.