నడిస్తేనే నిలిచే బండి

పాత మోటారు కార్లను సేకరించి, బాగుచేసి, నడుపుకొనే అభిరుచిని మన దేశంలో చాలాకాలం సంస్థానాధీశుల విలాసంగానే భావించారు. అట్లా భావించడానికి కారణం లేకపోలేదు. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఒకటి ప్రదర్శనలో ఉన్నది. ఇది 1912 నాటిది. దీనిని తెప్పించుకోదలచిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్, కారు చేతికి అందకముందే, 1911 ఆగస్టులో మరణించారు. వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తైన ఆసనం గల ఈ వాహనం మొత్తంమీద 356 మైళ్లు, అంటే సుమారు 573 కిలోమీటర్లు మాత్రమే తిరిగిందని చెబుతారు. బాన్సువాడ నుంచి హైదరాబాదుకు రెండు పర్యాయాలు పోయి వస్తే దాదాపు అంత దూరం అవుతుంది.

ఒక్క కారును ఇట్లా అపురూపంగా నిలుపుకోవడం వేరు, అనేక వాహనాలను ఏళ్ల తరబడి పోషించడం వేరు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967లో మరణించగా ఆయన మనుమడు ముకర్రమ్ జా వారసుడయ్యారు. అప్పటికి నిజాం కార్ల కొట్టాలలో ఉన్న అరవై కార్లలో నాలుగు మాత్రమే నడిచే స్థితిలో ఉండేవని చరిత్ర రచయిత విలియం డాల్రింపుల్ రాశారు. పట్టాభిషేకం ముగిసిన తరువాత కొత్త నిజామును తీసుకొని రావలసిన కారు కూడా ఆగిపోయిందట! ఆ కార్ల పెట్రోలుకు, విడిభాగాలకు ఏటా పెద్ద మొత్తమే ఖర్చవుతూ ఉండేది. ధనానికి గాని, నౌకర్లకు గాని కొదువలేని చోట కూడా బండ్లు మూలబడ్డాయి. విశేషమేమంటే ముకర్రమ్ జాకు స్వయంగా యంత్రాలంటే మిక్కిలి ప్రీతి. తరువాతి కాలంలో ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలో విశాలమైన గొర్రెల క్షేత్రాన్ని కొని, అక్కడ బుల్డోజర్లను తానే నడిపేవారు.

నీడపట్టున నిలిపి ఉంచిన కారు ఎందుకు పాడవుతుంది? తోడని బావిలో నీరు పాచిపట్టినట్లే, వాడని బండిలో ప్రతి ద్రవమూ చెడిపోతుంది. ట్యాంకులోని పెట్రోలు కొన్ని నెలలకు చిక్కబడి, జిగురుగా మారి, కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ఖాళీ ట్యాంకు లోపలి గోడలకు తేమ చేరి తుప్పు పడుతుంది. బ్రేకు ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. ఆ నీరు బ్రేకు సిలిండర్లను లోపలి నుంచి తినివేస్తుంది. రబ్బరు గొట్టాలు బీటలు వారుతాయి. ఒకేచోట బరువు మోసి మోసి టైర్లు అడుగున చదునెక్కుతాయి. ఇక ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు. వరి పండే ప్రాంతంలో కొట్టం పక్కన కారును నిలిపినవారికి, వాటికి విద్యుత్తు తీగలంటే ఎంత ఇష్టమో తెలిసే ఉంటుంది.

స్పోర్ట్స్ కారు అంటే అమిత వేగంగా పోయే కారని సాధారణంగా అనుకొంటారు. కాని 1950, 60 దశకాలలో ఇంగ్లండులో తయారైన స్పోర్ట్స్ కార్లలో చాలావాటిని నేటి చిన్న కుటుంబ కారు సునాయాసంగా దాటిపోగలదు. ఇద్దరు మాత్రమే కూర్చొనే వీలు, నేలకు దగ్గరగా ఉండే ఆసనం, తక్కువ బరువు, తీసివేయదగిన పైకప్పు వాటి లక్షణాలు. వీటివల్ల దారిలోని ప్రతి మలుపూ, ప్రతి గతుకూ నడిపేవారి చేతికి తెలుస్తుంది. ఆ కార్ల ఆకర్షణ అంతా అందులోనే ఉన్నది.

విదేశీ కార్ల దిగుమతిపై కఠినమైన ఆంక్షలు ఉండడంవల్ల ఇటువంటివి మన దేశానికి చాలా తక్కువగా వచ్చాయి. మన ఇళ్లకు చేరినవి ముఖ్యంగా అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు. వీటిలో హెరాల్డ్ కథ ఆసక్తికరమైనది. ఇంగ్లండులో 1959లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ ఇక్కడ తయారుచేసింది. దాని ఆకృతిని తీర్చినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. అదే హెరాల్డ్ ఛాసీని పొట్టిచేసి, మికెలొట్టి చేతనే రూపకల్పన చేయించి, ట్రయంఫ్ సంస్థ 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. ఆ విధంగా మన వీధులలో తిరిగిన సాధుస్వభావం గల హెరాల్డ్, పేరుపొందిన ఒక స్పోర్ట్స్ కారుకు తోబుట్టువు. మద్రాసుకు ఉత్తరాన, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల దారిపై నిర్వహించిన షోలవరం పందేలలో మన యువకులు ఇటువంటి హెరాల్డులను, ఫియట్లను విప్పి, బరువు తగ్గించి, ఇంజన్లకు పదునుపెట్టి పరుగెత్తించారు. కొనలేని స్పోర్ట్స్ కారును చేతనైన విద్యతో చేసుకొన్నారన్నమాట.

బాన్సువాడలో ఒక ఇంటి పెరటి కొట్టంలో తాతగారి కాలంనాటి హెరాల్డ్ ఒకటి ఉన్నదనుకొందాం. ఇరవై ఏళ్లుగా అది కదలలేదు. కొత్త బ్యాటరీ తెచ్చి, నలుగురితో తోయించి, వెంటనే మోగించాలని మనవడికి తోస్తుంది. అది ప్రమాదకరమైన తొందరపాటు. సిలిండర్లలో తుప్పు ఉంటే పిస్టన్ రింగులు విరుగుతాయి. ముందుగా ప్లగ్గులను ఊడదీసి, ఆ రంధ్రాలలో కొద్దిగా నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, ఆ తరువాత ఇంజనును చేతితో మెల్లగా తిప్పిచూడాలి. ట్యాంకును దించి కడగాలి. బ్రేకుల రబ్బర్లన్నీ మార్చిన తరువాతనే బండిని కదిలించాలి, ఎందుకంటే మోగని ఇంజను ఎవరికీ హాని చేయదు గాని ఆగని బండి చేస్తుంది. హెరాల్డ్‌లో ఒక సౌకర్యం ఉన్నది. దాని బానెట్టు, మడ్‌గార్డులతో సహా, ముందుకు ఒరిగి తెరచుకొంటుంది. అప్పుడు ముందు చక్రం మీదనే కూర్చొని పని చేసుకోవచ్చు.

ఆ చక్రాల దగ్గరనే ఒక చిన్న విషయం ప్రాణాపాయానికి దారితీయగలదు. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ కార్ల ముందు చక్రాలు తిరిగే చోట కింది భాగాన మరలుగల కీలు ఒకటి ఉంటుంది. దానిని ట్రన్నియన్ అంటారు. అందులో గ్రీజు కాక, గేరు పెట్టెకు వాడే చిక్కని నూనె పట్టించాలని తయారీదారుల పుస్తకం చెబుతుంది. అలవాటుకొద్దీ అందరూ గ్రీజు కొడతారు. గ్రీజు లోపలి మరలకు సరిగా చేరదు. నీరు చేరి తుప్పు పడుతుంది. ఏదో ఒకనాడు ఆ భాగం విరిగి చక్రం పక్కకు ఒరిగిపోతుంది. పాత బండి యజమాని మొదట కొనవలసినది రెంచీల పెట్టె అనుకొంటారు. నా దృష్టిలో ఆ బండికి సంబంధించిన మరమ్మతు పుస్తకమే ముందు.

ఇంధనం సంగతి మరొకటి. పూర్వం పెట్రోలులో సీసం కలిసి ఉండేది. అది వాల్వులు కూర్చొనే పీఠాలు అరిగిపోకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే లభిస్తున్నది. ఆరోగ్యం దృష్ట్యా అది ఎంతో మంచి నిర్ణయం. కాని పాత ఇంజనుకు గట్టి లోహపు పీఠాలు అమర్చుకోవలసి వచ్చింది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. చెరకు, ధాన్యాల నుంచి తయారయ్యే ఇథనాల్ మన రైతుకు మేలు చేసేదే అయినా, పాతకాలపు రబ్బరును మెత్తబరచి, గాలిలోని తేమను చేర్చుకొంటుంది. కనుక గొట్టాలను, పంపులోని పొరలను దానిని తట్టుకొనే రకానికి మార్చాలి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలును నిలువ ఉంచరాదు.

ఇవన్నీ మహానగరాలలోనే సాధ్యమని ఎవరైనా అంటే నేను అంగీకరించను. కొత్త కారు లోపాన్ని కంప్యూటరు చెబుతుంది. పాత కారు లోపాన్ని చెవి పసిగట్టాలి. ట్రాక్టర్లను, వరికోత యంత్రాలను నమ్ముకొన్న బాన్సువాడ వంటి చోట చెవితో విని రోగం చెప్పగల మేస్త్రీలు, దొరకని భాగాన్ని లేతు మీద తిప్పి ఇవ్వగల పనివారు ఇప్పటికీ ఉన్నారు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్ల మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండేటట్లు ఫీలర్ గేజితో సరిచేయడం వంటి పనిని అటువంటి పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. అయితే వారి పిల్లలలో చాలామంది ఈ పనిలోకి రావడం లేదు. మద్రాసు సంస్థ 1980ల చివరిలోనే కార్ల తయారీని మానివేసింది. విడిభాగాలు ఇంగ్లండు నుంచి తెప్పించుకోవచ్చు. 1977లో అక్కడ ఏర్పడిన ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ వంటి సంఘాల సభ్యులు కొంటూ ఉండడంచేత అవి నేటికీ తయారవుతున్నాయి. మేస్త్రీ చేతి విద్యను మాత్రం ఎక్కడి నుంచీ తెప్పించుకోలేము.

బండి సిద్ధమైనా చట్టాన్ని మరువరాదు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని వాహనాలకు ‘వింటేజ్’ హోదాను కల్పించింది. వాటి నంబరు పలకపై ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు వాటిని రోడ్డు మీదికి తేవచ్చు గాని నిత్యం తిరగడానికి, కిరాయికి తిప్పడానికి వీలులేదు. కాబట్టి వారం వారం షికారు పోదలచినవారు ఈ హోదా తీసుకోవడమా, మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకోవడమా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

రెండవ మార్గాన్ని ఎంచుకొన్నవారికి బాన్సువాడ నుంచి నిజాంసాగర్ వరకు పోయే దారి ఎంతో అనువైనది. మంజీరా నదిపై నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట, మన హెరాల్డ్ కంటే ముప్పై ఏళ్లు పెద్దది. ఆదివారం తెల్లవారగానే, ఎండ ముదరకముందే బయలుదేరాలి. కోతల కాలమైతే రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, జాగ్రత్త అవసరం. మొదటి కొన్ని కిలోమీటర్లు ఇంజను వేడెక్కే వరకు నెమ్మదిగా నడపాలి. పవర్ స్టీరింగు లేదు, చల్లని గాలి యంత్రం లేదు. కిటికీ దించితే కాలువ నీటి వాసన, మడిలోని బురద వాసన లోపలికి వస్తాయి. గేరు మార్చే ముందు ఇంజను ధ్వనిని వినడం రెండు మూడు వారాలలో అలవాటవుతుంది. తిరిగి వచ్చిన తరువాత బండి కింద అట్టముక్క ఒకటి పరచి, మరునాడు దానిపై పడిన చుక్కలను చూడాలి. నల్లనివైతే ఇంజను నూనె, పచ్చనివైతే రేడియేటరు నీరు. ఆ వివరాలను, తిరిగిన కిలోమీటర్లతో సహా, తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి.

అభ్యాసం

1. కదలకుండా ఉన్న కారు ఏయే విధాలుగా పాడవుతుందో వివరించండి.
2. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ కార్ల మధ్యగల సంబంధాన్ని తెలపండి.
3. మీ ఊరిలోని ఒక మేస్త్రీని కలిసి, ఆయన ధ్వనిని బట్టి యంత్రలోపాన్ని ఎట్లా గుర్తిస్తారో అడిగి తెలుసుకొని ఒక పుటలో రాయండి.