పరపతి చెడితే బాగుచేసేది ఎవరు?

పాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "గేదె కొనడానికి అప్పు అడిగితే సిబిల్ బాగాలేదని బ్యాంకువారు త్రిప్పి పంపారు. డబ్బిస్తే బాగుచేయిస్తామనేవారు టౌనులో ఉన్నారు. ఇవ్వమంటారా, వద్దంటారా?" అని. ఈ ప్రశ్నకు సంఘ అధ్యక్షులు, కార్యదర్శులు తామే సమాధానం చెప్పగలగాలని ఈ పాఠం వ్రాస్తున్నాము.

నివేదిక అంటే ఏమి?

బ్యాంకులో తీసుకున్న అప్పు, కట్టిన వాయిదా, తప్పిన వాయిదా అన్నీ పరపతి సమాచార సంస్థలకు చేరుతాయి. 2005 నాటి చట్టం క్రింద మన దేశంలో ఇటువంటి సంస్థలు నాలుగు ఉన్నాయి. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ మార్కు 300 నుండి 900 వరకు ఉంటుంది. ఈ మార్కును నేరుగా ఎవరూ దిద్దలేరు. నివేదికలోని వివరం మారితేనే మార్కు మారుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం మోసం తప్పినట్లే.

ఒక ఉదాహరణ

మేము ఎరిగిన ఒక సభ్యుడు చూడి గేదె బేరం కుదుర్చుకుని అప్పుకు వెళ్ళాడు. బ్యాంకు కాదన్నది. మధ్యవర్తి ఒకడు మార్కు పెంచుతానని రూ. 3,000 బయానా తీసుకున్నాడు. రెండు నెలలు గడిచాయి. గేదె వేరొకరికి పోయింది, మార్కు కదలలేదు. తర్వాత అతనితో, కార్యదర్శితో కూర్చుని నివేదిక చదివాము. అందులో మూడు మచ్చలు కనిపించాయి.

మొదటిది పాత గేదె అప్పు. అది తీరిపోయింది, బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన పత్రం ఇంట్లోనే ఉన్నది. నివేదికలో మాత్రం ఇంకా బకాయి చూపుతున్నది. ఇది తప్పు వివరం. పత్రం నకలు జతచేసి అతనే వ్రాసుకున్నాడు. నెల తిరగకుండా సరిచేశారు. ఖర్చు జెరాక్సుకు, బస్సు చార్జీకి మాత్రమే.

రెండవది బావమరిది ట్రాక్టరు అప్పుకు పెట్టిన హామీ సంతకం. వాయిదాలు తప్పాయి. హామీదారు నివేదికలోనూ ఆ అప్పు కనిపిస్తుంది. ఇది నిజమైన వివరం కనుక ఎవరికి ఎంత ఇచ్చినా చెరగదు. పంట అమ్మిన తర్వాత బకాయి కట్టించడమే దారి అయింది.

మూడవది చెప్పడానికి మాకే కష్టంగా ఉన్నది. పాల బిల్లులో కోసిన రెండు వాయిదాలను సంఘం బ్యాంకుకు ఆలస్యంగా జమచేసింది. సభ్యుడు తప్పు చేయలేదు, ఆలస్యం అతని పేరున పడింది. ఆ రిజిస్టరును మేమూ తనిఖీ చేశాము. మొత్తాలు సరిపోయాయని సంతకం పెట్టాము గాని, కోత తేదీని జమ తేదీతో పోల్చలేదు. ఇప్పుడు ప్రతి తనిఖీలోనూ ముందుగా ఆ రెండు తేదీలే చూస్తున్నాము.

స్వయంగా చేసుకోవలసినవి

1. ఒక్కొక్క సంస్థ ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. 2017 నుండి ఈ నియమం ఉన్నది. ముందు తెప్పించి చదవండి.

2. తప్పు వివరం ఉంటే అప్పిచ్చిన బ్యాంకుకు గాని, సమాచార సంస్థకు గాని ఆధారాలతో ఫిర్యాదు చేయండి. దీనికి రుసుము లేదు. 30 రోజులలో పరిష్కరించకపోతే రోజుకు రూ. 100 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం 2024 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది.

3. అప్పటికీ కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. అదీ ఉచితమే. వివరాలకు 14448 నంబరు.

4. నిజమైన బకాయిని పూర్తిగా కట్టి, బాకీ లేదను పత్రం తీసుకోండి. కొంత తగ్గించి కట్టి రాజీ పడితే నివేదికలో "సెటిల్డ్" అని ఉంటుంది. తర్వాత అప్పిచ్చేవారు దానిని మంచి గుర్తుగా చూడరు.

ఇతరుల సహాయం ఎప్పుడు?

కోర్టు నోటీసు వస్తే వకీలు కావలసిందే. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సహాయం చేస్తుంది. తీసుకోని అప్పు మీ పేరున కనిపిస్తే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. నాలుగు చోట్ల అప్పులై దారి తోచనివారు బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యతా కేంద్రానికి వెళ్ళవచ్చు, అక్కడ సలహాకు డబ్బు తీసుకోరు. చదువు రానివారికి అర్జీ వ్రాసిపెట్టేవారికి వ్రాతకూలి ఇవ్వడం తప్పు కాదు. నిజమైన బకాయిని చెరిపేస్తామనేవారికి, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. చెప్పమనేవారికి మాత్రం పైసా ఇవ్వవద్దు.

పాలకవర్గ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘంలో పాల బిల్లు నుండి కోసిన వాయిదా ఎన్ని రోజులలో బ్యాంకుకు చేరుతున్నది?

2. కోతకు, జమకు వేర్వేరుగా తేదీలు వ్రాస్తున్నామా? సభ్యునికి రసీదు ఇస్తున్నామా?

3. అప్పు తీరిన ప్రతి సభ్యుడు బాకీ లేదను పత్రం తెచ్చుకున్నాడా?

మొదటి ప్రశ్నకు సమాధానం రిజిస్టరు తెరచి చూసి చెప్పవలసిందిగా కార్యదర్శులకు మా మనవి.