బాతు పిల్లలను ఆరుబయటి గూటికి అలవాటు చేయుట

చెరువుల క్రింద, కాలువల క్రింద వరి పండించు మన రైతులకు బాతు కొత్త పక్షి కాదు. కోతలైన మళ్ళలో బాతుల మందలు రాలిన గింజలను, నత్తలను, పురుగులను ఏరుకొని తినుట పలువురు చూచియే యుందురు. ఆ మందలను చూచి, తామును ఇంటి పెరటిలో ఇరువది ముప్పది బాతులను పెంచవలెనని కోరు రైతులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. పిల్లలను ఏనాటి నుండి బయటి గూటిలో ఉంచవచ్చును?

ఈ ప్రశ్న ముందుగా అడుగక నష్టపోయిన ఒక కుటుంబమును నేనెరుగుదును. వారు ఇరువది పిల్లలను కొని, మూడు వారములు ఇంటిలో దీపము క్రింద చక్కగా పెంచిరి. పిల్లలు హుషారుగా నున్నవి గదా యని మార్గశిర మాసములో ఒకనాడు వాటిని పెరటిలోని కోళ్ళ గూటికి మార్చి, నీటి పక్షులు గదా యని పెద్ద తొట్టినిండ నీరు పోసి లోపల నుంచిరి. తెల్లవారునప్పటికి పదునొకండు పిల్లలు ఒక మూల ఒకదానిపై నొకటి పడి చనిపోయి యున్నవి. ఆ ఇంటి ఇల్లాలు ఏదో తెగులు సోకినదని భయపడి నన్ను పిలిపించినది. తెగులేమియు లేదు. తడియు చలియు కలిసినవి, అంతియే.

బాతు నీటిలో తిరుగును కనుక దాని పిల్లకు తడి ఏమి చేయుననుకొనుట పొరపాటు. పెద్ద బాతు తోక మొదట నుండు తైలగ్రంథి నుండి ముక్కుతో నూనె తీసి ఈకలకు రాచుకొనును. ఆ నూనెయు, ఒత్తుగా అమరిన ఈకలును నీటిని లోనికి రానీయవు. పిల్లకు ఈకలు లేవు, నూగు మాత్రమే కలదు. తల్లి బాతు వెంట తిరుగు పిల్లలు తల్లి రెక్కల క్రింద దూరి వెచ్చబడి ఆరిపోవును. యంత్రములో పొదిగిన పిల్లలకును, కోడి క్రింద పొదిగిన పిల్లలకును ఆ రక్షణ చాలదు. ఎక్కువ గ్రుడ్లు పెట్టు ఖాకీ కాంప్‌బెల్ జాతి బాతు సాధారణముగా పొదుగదు కావున, మనము కొను పిల్లలలో ఎక్కువ భాగము ఇట్టి తల్లిలేని పిల్లలే.

మొదటి వారములో పిల్లలకు 29 నుండి 32 డిగ్రీల సెంటిగ్రేడు వేడి యుండవలెను. తరువాత వారమునకు సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుచు, నాలుగవ వారమునకు 24 డిగ్రీలకు తేవలెను. ఆదిలాబాదు ప్రాంతములో చలికాలపు రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవుట సాధారణము. 24 డిగ్రీలకు అలవాటు పడిన పిల్లను ఒక్క రాత్రిలో ఆ చలిలోనికి నెట్టుట ఎంత సాహసమో రైతు సోదరులే ఊహింపవచ్చును.

కావున మార్పు మెట్లు మెట్లుగా జరుగవలెను. మూడు వారములు నిండిన పిల్లలను ఎండ పొడచిన పిదప, ఉదయము తొమ్మిది గంటలకు, గూటి ముందరి పొడి ఆవరణలో వదలి, సాయంకాలము నాలుగు గంటలకే మరల ఇంటిలోనికి తేవలెను. మబ్బు పట్టిన నాడు, ఈదురు గాలి వీచు నాడు వదలరాదు. ఇట్లు వారము పది దినములు గడచిన పిదప అదే గూటిలో రాత్రులు ఉంచుట ప్రారంభింపవచ్చును. మొదటి రాత్రులలో ఒక బల్బును పిల్లలకు అందనంత ఎత్తున, ఊడిపడకుండ గట్టిగా కట్టి యుంచవలెను. పిల్లలు దీపము క్రింద గుంపుకట్టి అరచుచున్న చలి ఎక్కువైనదనియు, దూరముగా విడివడి నిశ్చింతగా పడుకొన్న దీపము అవసరము తీరినదనియు గ్రహింపవలెను. వయస్సును వారములలో లెక్కించుటకంటె పిల్లను చేతిలోనికి తీసికొని రొమ్మును, వీపును తడిమి చూచుట మేలు. వీపుపై నూగు మిగిలియున్నంత వరకు చలి రాత్రులలో దీపము తీసివేయరాదు. ఏడెనిమిది వారములకు ఈకలు నిండును. పట్టునప్పుడు కాళ్ళు పట్టి ఎత్తరాదు. బాతు కాళ్ళు బలహీనమైనవి, సులభముగా బెణుకును.

గూడు విషయములో కోళ్ళ గూడు చాలునని తలంపరాదు. బాతులు దండెముల నెక్కవు, నేలపైననే పడుకొనును. కావున నేల పొడిగా నుండుటయే ప్రధానము. చుట్టునున్న నేలకంటె అడుగు ఎత్తున మట్టి, మొరము పోసి గట్టిపరచి, పైన వరి ఊక గాని ఎండుగడ్డి గాని పరచవలెను. తడిసిన భాగమును ఏ రోజుకారోజు తీసి పెంటకుప్పలో వేసిన మంచి ఎరువగును. బూజు పట్టిన గడ్డి వాడినచో పిల్లల ఊపిరితిత్తులు చెడును. పెద్ద బాతు ఒక్కింటికి లోపల 3 చదరపు అడుగులు, బయటి ఆవరణలో 10 నుండి 15 చదరపు అడుగులు లెక్క వేసికొనవలెను. ఇరువది బాతులకు పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు గల గూడు సరిపోవును. గాలి వచ్చు వైపున రాత్రులు గోనె పట్టా దింపవలెను గాని నాలుగు వైపుల మూసివేయరాదు. జాలిని నేలలో అడుగు లోతు పాతనిచో పందికొక్కు, ముంగిస తవ్వుకొని లోనికి వచ్చును.

ఇక నీరు. రాత్రులు గూటిలో మేతయు, నీరును రెండును ఉంచరాదు. మేత యున్న చోట నీరు తప్పక యుండవలెను, లేనిచో మేత గొంతులో అడ్డుపడును. పగలు ఆవరణలో, చిన్న పిల్లలకు రెండు మూడు అంగుళముల లోతు నీరు గల పాత్రలు చాలును. ముక్కు మునుగవలెను గాని పిల్ల దిగి ఈదరాదు. ఈతకు ఆరవ వారము వరకు ఆగి, మిట్టమధ్యాహ్నము పది నిమిషములతో ప్రారంభించి, సాయంకాలమునకు పూర్తిగా ఆరునట్లు చూడవలెను.

నా అభిప్రాయములో మన ప్రాంతమునకు ఆగస్టు చివరలో పిల్లలను దింపుకొనుట అనుకూలము. పెద్ద వానల కాలము ఇంటిలో గడచును. అక్టోబరు చివరకు ఈకలు నిండును, చలి ముదురకముందే గూటికి అలవాటు పడును, వానకాలపు వరి కోతలకు మేతకు సిద్ధమగును. అయితే గుళికల మందు గాని, మరే పురుగు మందు గాని వేసిన మడిలోనికి వాటిని తోలరాదు. పక్క రైతును అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

కరీంనగర్ వైపు మొక్కజొన్న విస్తారముగా పండును కనుక మేత గూర్చి ఒక హెచ్చరిక. వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నను, వేరుసెనగ చెక్కను అమ్ముడుపోలేదని బాతులకు వేయుదురు. అట్టి గింజలలో పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషమునకు కోడికంటె బాతు పిల్ల చాల సులభముగా లొంగును. 1960లో ఇంగ్లండులో వేలకొలది టర్కీ కోళ్ళు చెడిన వేరుసెనగ పిండి తిని చనిపోయినప్పుడే ఈ విషము శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. అప్పుడు బాతు పిల్లలును చనిపోయినవి. మనము తినుటకు వెనుకాడు గింజను వాటికి వేయకుండుట క్షేమము.

బాతుల ప్లేగు టీకాను రెండు మూడు నెలల వయస్సులో పశువైద్యశాలలో అడిగి వేయించవలెను. బర్డ్ ఫ్లూ సోకియు కొన్ని బాతులు పైకి ఆరోగ్యముగానే కనిపించును. కావున బయటి మందలతో, వలస పక్షులు దిగు చెరువులలో వాటిని కలియనీయకుండుట మంచిది. ఒకేసారి అనేకము చనిపోయినచో కోసి పంచుకొనక, కాలువలో పారవేయక, వెంటనే పశువైద్యాధికారికి, పంచాయతి కార్యదర్శికి తెలుపవలెను.

కోళ్ళు పొద్దు గూకగానే తమంతట తామే గూడు చేరును. బాతులకు ఆ అలవాటు తక్కువ, తోలవలసి యుండును. మొదటి దినము నుండి ఒకే వేళకు, ఒకే పాత్ర చప్పుడుతో, గూటి ముందరనే పిడికెడు నూకలు వేసినచో పదునైదు దినములలో వరుస కట్టి వచ్చును. కుక్కను తోలి, లేదా టార్చిలైటు వెలుగుతో బెదరించి గూటిలోనికి పంపరాదు. బెదరిన బాతులు చీకటిలో ఒకదానినొకటి త్రొక్కుకొనును. అయిదు నెలలకు గ్రుడ్లు ప్రారంభమైన పిదప ఈ అలవాటు విలువ తెలియును. బాతు గ్రుడ్లలో దాదాపు అన్నియు ఉదయము తొమ్మిది గంటలలోపుననే పెట్టబడును. తొమ్మిది దాటిన పిదప తలుపు తీసినచో గ్రుడ్డు గూటిలో దొరకును, ముందే తీసినచో కాలువ పాలగును.